దొంగ చతుర్భుజం ఎవరు? క్లిక్స్ మాడ్యూళ్లు వాడి చూసిన ఒక లెక్కల టీచర్ సమీక్ష

ప్రభుత్వ బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెప్పేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పదో తరగతి రిజల్టు ఒక్కటే నెత్తిన మోస్తున్నవాళ్లు కూడా చదవచ్చు గానీ, మధ్యలో నన్ను తిట్టుకుంటారు.

క్లిక్స్ అంటే కనెక్టెడ్ లెర్నింగ్ ఇనిషియేటివ్. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అదే మనందరం టిస్ అనేది, అమెరికాలోని ఎంఐటీతో కలిసి, టాటా ట్రస్టుల డబ్బుతో 2015లో మొదలుపెట్టింది. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం, తెలంగాణ రాష్ట్రాల్లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో నడిపారు. లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు, కంప్యూటర్ పరిచయం, ఇవీ సబ్జెక్టులు. పిల్లలకు మాడ్యూళ్లు, అంటే ఒక్కో అంశం మీద కట్టిన పాఠాల కట్టలు, టీచర్లకు శిక్షణ, రెండూ ఒకే సంచిలో వస్తాయి. ఇంగ్లిషు, హిందీతో పాటు తెలుగులోనూ తయారుచేశారు. 2017 సంవత్సరానికి యునెస్కో వాళ్ల కింగ్ హమద్ బహుమతి కూడా వచ్చింది. బహుమతుల సంగతి నాకెందుకు గానీ, పెద్ద యూనివర్సిటీలు మన జిల్లా పరిషత్ బళ్లను లెక్కలోకి తీసుకుని తెలుగులో ఏదైనా చేయడం అరుదు కాబట్టి చెప్పాను.

మా బడి ఆ ప్రాజెక్టు జాబితాలో లేదు. బీఈడీలో నాతో చదువుకున్న స్నేహితురాలి బడి ఉంది. ఓపెన్ లైసెన్సు మీద, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకుని పంచుకునేట్టు, ఇచ్చిన సామగ్రి కాబట్టి ఆమె ఏ మొహమాటం లేకుండా పెన్‌డ్రైవులో వేసి ఇచ్చింది. అంటే నేను ఈ ప్రాజెక్టుకు పిలిచిన చుట్టాన్ని కాదు. ఫీల్డ్ సిబ్బంది వచ్చి చేయి పట్టుకుని చూపించింది లేదు, ల్యాబు బాగు చేయించింది లేదు. ఈ సమీక్షలో మెచ్చుకోలు, విమర్శ, రెండింటినీ ఆ లెక్కన తీసుకోండి. వెనుక ఎవరూ లేకుండా, మామూలు బడిలో, మామూలు టీచర్ చేతిలో ఇది ఎంతవరకు పనిచేస్తుంది అనేదే నాకు తెలిసిన విషయం.

మొదట జ్యామితి. మాడ్యూల్ పేరు జామెట్రిక్ రీజనింగ్. నాకు నచ్చిందీ, నేను ఎక్కువగా వాడిందీ ఇదే.

తొమ్మిదో తరగతిలో చతుర్భుజాల పాఠం ఎట్లా నడుస్తుందో మనకు తెలుసు. బోర్డు మీద సమలంబ చతుర్భుజం, సమాంతర చతుర్భుజం, దీర్ఘచతురస్రం, సమచతుర్భుజం, చతురస్రం, గాలిపటం వరసగా గీస్తాం. ఒక్కోదాని కింద ధర్మాలు రాస్తాం. పిల్లలు నోటుబుక్కులో దించుకుంటారు. తర్వాత 'సమాంతర చతుర్భుజంలో కర్ణాలు ఏం చేసుకుంటాయి?' అంటే తరగతి మొత్తం 'సమద్విఖండన చేసుకుంటాయి' అని పాట పాడుతుంది. సంతోషం. అదే పిల్లలకు ఒక చతురస్రాన్ని కొద్దిగా తిప్పి, మూల మీద నిలబెట్టి చూపించండి. 'డైమండ్ మేడం' అంటారు. చతురస్రం కాదా అంటే, 'అది వంకరగ ఉంది గదా మేడం' అంటారు. పాట వచ్చింది, ఆకారం రాలేదు.

నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హీలీ దంపతులు, ఇద్దరూ బడి పంతుళ్లే, 1957లో ఈ గొడవనే సిద్ధాంతంగా రాశారు. పిల్లవాడు మొదట ఆకారాన్ని దాని రూపం చూసి గుర్తుపడతాడు, తర్వాత ధర్మాలు చెప్పగలుగుతాడు, ఆ తర్వాతే ఒక ధర్మం ఉంటే ఇంకోటి ఎందుకు ఉండి తీరుతుందో, ఒక ఆకారం ఇంకోదాని కుటుంబంలోకి ఎట్లా వస్తుందో పట్టుకుంటాడు, నిరూపణ ఆ పైమెట్టు. బీఈడీలో ఇది మనం పరీక్షకు చదివాం, మరిచాం. మన పాఠం మూడో మెట్టు మీద నిలబడి మాట్లాడుతుంటుంది, పిల్లలు మొదటి మెట్టు మీద నిలబడి తల ఊపుతుంటారు. క్లిక్స్ జ్యామితి మాడ్యూల్ ఆ కింది మెట్టు నుంచే మొదలుపెడుతుంది. ఆకారాలను చూడటం, వేరు చేయడం, ఎందుకు వేరు చేశావో చెప్పడం, అప్పుడు ధర్మాలు, అప్పుడు వర్గీకరణ. నిర్వచనం మొదటి రోజు బోర్డెక్కదు.

అందులో పోలీస్ క్వాడ్ అనే ఆట ఉంది. చతుర్భుజాల్లో దొంగ ఎవరో ధర్మాలను బట్టి పట్టుకోవాలి. కంప్యూటర్ ముందు ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి కూర్చుని ఆడతారు. మా ల్యాబులో ఆ ఆట నడపడానికి పడ్డ తంటాలు కింద చెబుతాను. వాటితో విసిగి, నేను అట్ట ముక్కలతో తరగతిలోకి తెచ్చుకున్నాను. ఈ సమీక్షలో అన్నిటికన్నా పనికొచ్చే పేరా ఇదే అనుకుంటా, కాబట్టి వివరంగా రాస్తున్నా.

పెళ్లి పత్రికల అట్టలు కత్తిరించి రకరకాల చతుర్భుజాలు చేయించాను. ఒక పిల్ల దొంగ. తన ఆకారాన్ని పుస్తకంలో దాచుకుంటుంది. మిగతావాళ్లు జంటలుగా కూర్చుని ప్రశ్నలు అడగాలి. పేరు అడగకూడదు, ధర్మమే అడగాలి. జవాబు అవును, కాదు, అంతే. ఒక జంట 'నీ కర్ణాలు సమానమా?' అని అడిగింది. 'అవును.' వెంటనే 'దీర్ఘచతురస్రం దొరికింది మేడం' అని అరిచారు. పుస్తకం తెరిస్తే సమద్విబాహు సమలంబ చతుర్భుజం. తరగతి నిశ్చేష్టం. 'దానికెట్ల సమానమైతయి?' అని వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడు లేచి వచ్చి, దారం పెట్టి కొలిచాడు. వాడు ఆ ఏడాది లెక్కల పీరియడ్‌లో బెంచీ దిగి రావడం నేను చూసింది అప్పుడే.

ఇంకో ఆటలో పెద్ద గొడవ. దొంగ చేతిలో చతురస్రం ఉంది. 'ఎదురు భుజాలు సమాంతరమా?' అవును. 'నాలుగు భుజాలు సమానమా?' అవును. 'అయితే నువ్వు సమచతుర్భుజం!' దొంగ పిల్ల ఒప్పుకోదు. 'కాదు, నేను చతురస్రం.' అడిగినవాళ్లు వదలరు. 'నాలుగు భుజాలు సమానం అన్నవు గదా, మల్ల సమచతుర్భుజం కాదంటవేంది?' నేను నోరు మూసుకుని నిలబడ్డాను. నోరు మూసుకోవడం ఎంత కష్టమో లెక్కల టీచర్లకే తెలుసు. అటూ ఇటూ వాదించుకుని, చివరికి ఒక అమ్మాయి తీర్పు చెప్పింది: 'ఆమె సమచతుర్భుజం కూడా, చతురస్రం కూడా. ఇంకో ప్రశ్న అడగకుంటే పట్టుకున్నట్టు కాదు.' ఆ ఇంకో ప్రశ్న ఏమిటని అడిగితే ఒకరు 'కోణం 90 డిగ్రీలా?' అన్నారు, ఒకరు 'కర్ణాలు సమానమా?' అన్నారు. రెండూ సరైనవే. రెండూ ఎందుకు సరైనవో తేల్చడానికి మరుసటి పీరియడ్ పట్టింది, అందులో సర్వసమాన త్రిభుజాలు వాటంతట అవే వచ్చాయి.

ప్రతి చతురస్రం ఒక సమచతుర్భుజమే అనే వాక్యం మన పాఠ్యపుస్తకంలో ఉన్నదే. ఏళ్లుగా నేను దాన్ని బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీసేదాన్ని.

కంప్యూటర్లతో వచ్చిన ఈ ప్రాజెక్టులో నాకు అసలైన సరుకు కంప్యూటర్‌లో కనబడలేదు. పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోక తప్పని స్థితిని కల్పించడం, ఆ మాటలు టీచర్ చెవిన పడేట్టు చేయడం, ఈ మాడ్యూళ్ల గొప్పతనం అదే. వాళ్ల డిజైన్‌లో మూడు సూత్రాలు పెట్టుకున్నారు. పిల్లలు కలిసి పనిచేయాలి, తప్పు చేయడానికి భయపడకూడదు, చేసే పనికి బతుకుతో సంబంధం ఉండాలి. కంప్యూటర్‌లో లాగిన్ కూడా ఇద్దరు ముగ్గురు కలిసి చేసుకునేట్టు పెట్టారు. మామూలుగా ఒక కంప్యూటర్‌కు ముగ్గురు కూర్చుంటే మనం దాన్ని కొరత అంటాం. వీళ్లు దాన్నే పద్ధతిగా మలిచారు. ఇది తెలివైన పని.

మన పాఠ్యపుస్తకాల్లో 'ఇవి చేయండి', 'ప్రయత్నించండి', 'ఆలోచించండి, చర్చించండి, రాయండి' అని డబ్బాలు ఉంటాయి కదా. సిలబస్ వెనకబడితే మొదట ఎగరగొట్టేది వాటినే. 'చర్చించండి' అని రాస్తే పిల్లలు చర్చించరు. వాదించడానికి ఏదో ఒకటి చేతికి అందాలి, ఎవరో ఒకరు ఓడాలి, గెలవాలి. ఆ డబ్బా వెనుక ఉండాల్సిన పనిముట్టు ఈ మాడ్యూల్‌లో దొరుకుతుంది. జ్యామితికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను.

నిష్పత్తుల మాడ్యూల్, ప్రపోర్షనల్ రీజనింగ్, దానికి మూడున్నర. అందులో ఐస్ క్యూబ్స్, రేషియో ప్యాటర్న్స్, ఫుడ్ షేరింగ్ టూల్ అని కంప్యూటర్ మీద చేసేవి ఉన్నాయి. ఇవి అట్ట ముక్కల్లోకి అంత తేలిగ్గా దిగవు, అందుకే నేను మార్కులు తగ్గించాను. కానీ ఈ మాడ్యూల్ చదివాక నేను ఎనిమిదో తరగతిలో అనులోమానుపాతం మొదలుపెట్టే తీరు మారింది. ఇదివరకు సూత్రంతో మొదలయ్యేది. ఇప్పుడు ముందు ఒక ప్రశ్న వేస్తాను: రెండు గ్లాసుల నిమ్మరసానికి మూడు గ్లాసుల పంచదార నీళ్లు కలిపితే రుచి కుదిరింది, నాలుగు గ్లాసుల నిమ్మరసానికి ఎంత? తరగతిలో పెద్ద గుంపు 'ఐదు' అంటుంది. ఎందుకంటే 'ఇది రెండు పెరిగింది గదా మేడం, అదీ రెండు పెరగాలె.' తప్పే, కానీ ఆలోచన ఉన్న తప్పు. కూడికతో ఆలోచిస్తున్నారు, గుణకారంలోకి రాలేదు. అడ్డ గుణకారం నేర్పితే ఈ పిల్లలే పరీక్షలో ఆరు అని రాస్తారు, మార్కులు కూడా వస్తాయి, లోపలి 'ఐదు' మాత్రం అట్లాగే కూర్చుని ఉంటుంది. దాన్ని బయటికి రప్పించే ప్రశ్నలు ఎట్లా వేయాలో తెలియాలంటే, కంప్యూటర్ లేకపోయినా టీచర్ ఈ మాడ్యూల్ ఒకసారి చదవాలి.

సైన్సు సంగతి నాది కాదు, మా భౌతికశాస్త్రం సారుది. ఆయనకు ఖగోళం మాడ్యూల్, బేసిక్ ఆస్ట్రానమీ, తెగ నచ్చింది. అందులో పిల్లలు తమ ఒంటితోనే భూమిలా, చంద్రుడిలా తిరిగి చూసే పనులు ఉంటాయి. ఆయన స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ ఒక ప్రశ్న వేశారు, చంద్రుడు సగం ఎందుకు కనిపిస్తాడని. మా స్టాఫ్‌లోనే ఇద్దరు 'భూమి నీడ పడి' అన్నారు. పిల్లలను ఏమంటాం ఇక! నీడ అయితే అది గ్రహణం, నెలనెలా వచ్చే వృద్ధి క్షయాలకు కారణం సూర్యుడి వెలుగు పడిన సగాన్ని మనం ఏ పక్క నుంచి చూస్తున్నాం అనేది. సారు దీనికి మన తిథులు కలిపారు. వినాయక చవితి నాటి చంద్రుణ్ని చూడొద్దంటారు కదా, అసలు ఆ రోజు చంద్రుడు ఎక్కడ ఉంటాడు, ఎంతసేపు ఉంటాడు అని అడిగి పంపారు. అమావాస్య దాటి నాలుగో రోజు కాబట్టి సన్నగా, పొద్దుగూకాక పడమటి దిక్కున ఉండి, రాత్రి చాలా గడవకముందే అస్తమిస్తాడు. అది ఎందుకట్లానో తలను భూమిగా చేసుకుని తిరిగిన పిల్లలు చెప్పగలిగారు. కొందరు ఇంట్లో నానమ్మల చేత తిట్లు తిని కూడా చూసి వచ్చారట.

ఇంగ్లిషు మాడ్యూళ్లు వినడం, మాట్లాడటం మీద నడుస్తాయి. హెడ్‌ఫోన్లు లేని ల్యాబులో వాటి గురించి రాయడం న్యాయం కాదు, వదిలేస్తున్నా.

ఇప్పుడు ల్యాబు. ప్రాజెక్టు వాళ్లు దీన్ని ఇంటర్నెట్ లేకున్నా బడిలోని సర్వర్ మీదే నడిచేట్టు కట్టారు. ముంబైలోని హోమీ భాభా సైన్సు విద్యా కేంద్రం వాళ్ల జీస్టూడియో అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ దానికి పునాది. ఊళ్లలో నెట్ ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లు చేసిన పని ఇది. కానీ దాన్ని నిలబెట్టడానికి ప్రాజెక్టు బళ్లలో మనుషులు ఉన్నారు, మా బడిలో నేనూ, ఉత్సాహం ఉన్న ఒక తొమ్మిదో తరగతి కుర్రాడూ ఉన్నాం. మా ల్యాబులో యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి. కరెంటు ఒక్క క్షణం పోతే అన్నీ ఆగి, మళ్లీ లేచేసరికి 45 నిమిషాల పీరియడ్‌లో సగం అయిపోతుంది. ల్యాబు తాళం ఒకరి దగ్గర, రిజిస్టర్ ఇంకొకరి దగ్గర, మౌసులు బీరువాలో. ఇది క్లిక్స్ తప్పు కాదు. అయితే ఏ యూనివర్సిటీ అయినా కంప్యూటర్ మీద ఆధారపడే పాఠం తయారుచేసేటప్పుడు, తాము వెళ్లిపోయిన మూడో ఏట ఆ ల్యాబు ఎట్లా ఉంటుందో ఊహించుకుని, ప్రతి డిజిటల్ పనికీ పక్కనే ఒక కాగితం పని కూడా ఇచ్చి ఉంటే బాగుండేది. కొన్నిటికి చేతితో చేసే పనులు ఉన్నాయి, అన్నిటికీ కావాలి అంటున్నాను. బ్యాటరీ చచ్చినా పాఠం బతకాలి కదా.

టీచర్ల శిక్షణ గురించి. నేను తీసుకోలేదు కాబట్టి మార్కులు వేయను, స్నేహితురాలు చెప్పింది చెబుతాను. టిస్ వాళ్లు ఈ ప్రాజెక్టులో భాగంగా టీచర్లకు రిఫ్లెక్టివ్ టీచింగ్ విత్ ఐసీటీ (కంప్యూటర్, నెట్ లాంటి సాంకేతికత) అని ఒక పీజీ సర్టిఫికెట్ కోర్సు పెట్టారు. సబ్జెక్టు వారీగా కోర్సులు, మధ్యలో ముఖాముఖి తరగతులు, మిగతాది ఆన్‌లైన్. వాట్సప్ బదులు టెలిగ్రామ్‌లో సబ్జెక్టు గ్రూపులు. ఆమె మాటల్లో, శిక్షణలో మొదట తననే పిల్లల బెంచీ మీద కూర్చోబెట్టి ఆ పనులు చేయించారట. చేసి చూపించమన్నారు, తప్పులు చేయించారు, తర్వాత బడికి వెళ్లి పాఠం చెప్పి, ఏమైందో రాసి గ్రూపులో పెట్టమన్నారు. 'గుడ్ మార్నింగ్ పువ్వులు రాని టీచర్ల గ్రూపు నేను చూసింది అదొక్కటే' అంది. నాకు ఈర్ష్య కలిగిందని దాచను.

మనకు తెలిసిన శిక్షణ ఇంకో రకం. పైన రాష్ట్ర స్థాయిలో కొందరికి చెబుతారు, వాళ్లు జిల్లా ఆర్‌పీలకు, అంటే శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్లకు, వాళ్లు మండలానికి. మెట్టు దిగినకొద్దీ పలుచనై, మండల వనరుల కేంద్రానికి వచ్చేసరికి పీపీటీ చదవడం, ఓడీ (ఆన్ డ్యూటీ) సంతకం, సమోసా మిగులుతాయి. చెప్పే ఆర్‌పీ మంచివాడే, పాపం ఆయనకే ఎవరూ చేయించి చూపలేదు. అందులో లెక్కల టీచర్‌కు లెక్కల గురించి చెప్పేది తక్కువ, బోధన గురించి సాధారణంగా చెప్పేది ఎక్కువ. క్లిక్స్ దీన్ని తిరగేసింది. రేపు నువ్వు తరగతిలో చెప్పబోయే పాఠమే శిక్షణ. ఆ ఒక్క మార్పు కోసమైనా మిగతా శిక్షణలు తయారుచేసేవాళ్లు ఈ మాడ్యూళ్లను ఒకసారి తిరగేయాలి.

పోలిక కోసం ఇంకో యూనివర్సిటీ సరుకు కూడా చదివాను, టెస్-ఇండియా. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ నడిపింది, బ్రిటన్ ప్రభుత్వ సాయంతో, 2012 నుంచి. బిహార్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్, అస్సాం, కర్ణాటక, ఏడు రాష్ట్రాలు. మన రెండు రాష్ట్రాలూ వాటిలో లేవు, అందుకే హిందీ, బెంగాలీ, ఒడియా, కన్నడం దొరుకుతాయి, తెలుగు దొరకదు. ఇంగ్లిషులో చదువుకోవాల్సిందే. కంప్యూటర్ ల్యాబు ఊసు లేదు. చదువుకునే యూనిట్లు, నిజమైన భారతీయ తరగతి గదుల్లో తీసిన వీడియోలు, అంతే. ఇవి కూడా ఉచితం, ఓపెన్ లైసెన్సు.

వీటి అమరిక నాకు నచ్చింది. ప్రతి యూనిట్ ఒక బోధన సమస్యను ఒక పాఠ్యాంశానికి ముడివేస్తుంది. లెక్కలంటే భయం అనే సమస్యను సంయుక్త ఘనాకృతుల పాఠంతో, పొరపాటు భావనల సమస్యను బీజీయ సమాసాలతో, కథలు అల్లడాన్ని గ్రాఫులతో. ఉత్త 'పిల్లల భయం పోగొట్టాలి' అనే ఉపన్యాసం కాదు. మధ్యలో ఒక టీచర్ ఆ పని చేసి చూసి ఏమైందో చెప్పుకున్న కేస్ స్టడీ ఉంటుంది. ఆ టీచర్ల మాటలు చదువుతుంటే కాస్త కడిగిన ముత్యాల్లా ఉన్నాయి, నిజం బడిలో పాఠం మధ్యలో మిడ్‌డే మీల్స్ ఏజెన్సీ ఆమె వచ్చి గుడ్ల లెక్క అడుగుతుంది, అది ఎక్కడా లేదు. అయినా పనికొస్తాయి. గ్రాఫులతో కథలు నేను వెంటనే పట్టుకున్నాను. సమయం అడ్డంగా, దూరం నిలువుగా ఒక గ్రాఫు గీసి, 'ఇది మన ఊరి నుంచి మండలానికి పోయిన ఆటో, మధ్యలో ఏమైందో చెప్పండి' అంటాను. గీత చదునుగా ఉన్న చోట 'టైరు పంచర్' అని ఒకరు, 'ఇంకా మంది ఎక్కాలె అని ఆగిండు' అని ఒకరు. రెండో జవాబే మా ఊరి నిజం.

రెండింటిలో ఏది అంటే, సొంతంగా, ఒంటరిగా చదువుకునే టీచర్‌కు టెస్-ఇండియా సుళువు. తరగతిలోకి నేరుగా దించడానికి, తెలుగు పిల్లల చేతికి ఇవ్వడానికి క్లిక్స్. మా తెలంగాణ బళ్లలో 2022-23 నుంచి ఇంగ్లిషు మీడియం మొదలై, ఒక పేజీ తెలుగు ఒక పేజీ ఇంగ్లిషు ఉన్న పుస్తకాలు వచ్చాక, క్లిక్స్ రెండు భాషల్లోనూ ఉండటం ఇంకా కలిసొచ్చింది. ఇంగ్లిషు వర్క్‌షీట్ ఇచ్చి, వాదన తెలుగులో పెట్టుకోనిస్తాను.

ఇక ఫిర్యాదులు. అన్నిటికన్నా పెద్దది సమయం. చతుర్భుజాలను ఈ పద్ధతిలో చెబితే మామూలుకు రెట్టింపు పీరియడ్లు పడతాయి. ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్ష) తేదీ మాత్రం వెనక్కి జరగదు. ఆ తేదీకి సిలబస్ ఎక్కడుందని హెచ్‌ఎం అడిగితే 'పిల్లలు వాదించుకుంటున్నారు సార్' అని చెప్పలేం. నేను చేసుకున్న సర్దుబాటు ఇది: ఏడాదిలో రెండు మూడు పాఠాలకే ఈ తీరు, మిగతావి పాత పద్ధతిలోనే. జ్యామితికి పెట్టిన పీరియడ్లు తర్వాత క్షేత్రమితిలో కొంత తిరిగి వచ్చాయి, ఎందుకంటే ఆకారం తెలిసిన పిల్లలకు వైశాల్యం త్వరగా ఎక్కింది. అన్నీ తిరిగి రావు.

రెండో ఫిర్యాదు, మన పరీక్ష ఈ నేర్పును అడగదు. 'కర్ణాలు సమానమైన చతుర్భుజం దీర్ఘచతురస్రమే కావాలా? కాకపోతే ఉదాహరణ గీయండి' అనే ప్రశ్న నా తరగతి మొత్తం ఇప్పుడు రాస్తుంది. ఆ ప్రశ్న నేను పెట్టే స్లిప్ టెస్టులో తప్ప ఎక్కడా రాలేదు. ఇద్దరు తల్లిదండ్రులు వచ్చి, 'మా పిల్ల లెక్కల క్లాసులో అట్టలు కోసుకుంటుందట, ఎక్కాలు చెప్పండి మేడం' అన్నారు. వాళ్లనూ తప్పు పట్టలేను, ఎక్కాలు కూడా కావాలి. ఆ పని ఈ మాడ్యూళ్లు చేయవు. గుణకారమే రాని పిల్లలు తరగతిలో పది మంది ఉంటే, నిష్పత్తి మాడ్యూల్ వాళ్లను దాటుకుని పోతుంది. ప్రతి పాఠానికి ముందు వెనకబడ్డవాళ్ల కోసం ఒక చిన్న మెట్టు ఉంటే బాగుండేది.

మూడోది, టీచర్ హ్యాండ్‌బుక్కులు. మంచి సరుకే, మరీ ఎక్కువ. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి చదవడం మొదలుపెడితే నిద్ర వస్తుంది. వెనకాల ఉన్న పరిశోధన ఆలోచనలు విడిగా పెట్టి, పీరియడ్‌కు ఒక పేజీ చొప్పున ఇచ్చి ఉంటే నాలాంటివాళ్లు ఇంకా ఎక్కువమంది వాడేవాళ్లు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా: అన్నీ దించుకుని కంప్యూటర్ నింపకండి. జామెట్రిక్ రీజనింగ్ ఒక్కటి తీసుకోండి. టీచర్ భాగం ముందు మీరే చదివి, మీ స్కూల్ కాంప్లెక్స్‌లో, అంటే చుట్టుపక్కల బళ్ల గుంపులో, ఇంకో లెక్కల టీచర్‌ను పట్టుకుని ఇద్దరూ ఒకే వారంలో చెప్పండి, సాయంత్రం ఫోన్లో మాట్లాడుకోండి. నేను, నా స్నేహితురాలు అట్లాగే చేశాం. ఒంటరిగా చేసి ఉంటే మొదటి గొడవ రోజే పాత బోర్డు పద్ధతికి వెళ్లిపోయేదాన్ని. వర్క్‌షీట్లు జంటకు ఒకటి చాలు, ఖర్చు సగమవుతుంది, పైగా ఒకే కాగితం ఉంటేనే ఇద్దరూ మాట్లాడుకుంటారు. అట్టలకు పెళ్లి పత్రికలు మంచివి, గట్టిగా ఉంటాయి, శ్రావణ మాసం దాటాక ఏ ఇంట్లో అడిగినా దొరుకుతాయి. చతురస్రాలను మాత్రం ఒకే కొలతలో చేయకండి, చిన్నవీ పెద్దవీ కలిపి చేయండి, లేకపోతే పిల్లలు ధర్మం అడగడం మానేసి సైజు చూసి దొంగను పట్టేస్తారు.